బడిలో పిల్లల మాట కోసం: గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం

ఏటా ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. గిడుగు వెంకట రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం. వ్యావహారిక భాషోద్యమానికి ఆద్యుడని ఒకరిద్దరు ప్రసంగిస్తారు, పిల్లలు పద్యాలు చదువుతారు, కార్యక్రమం ముగుస్తుంది. ఆయన ముప్పై ఏళ్ల పాటు బడిపంతులుగా పనిచేశారన్న సంగతి మాత్రం ఆ ప్రసంగాల్లో ఒక వాక్యంతో సరిపోతుంది. ఆయన చేసిన పోరాటమంతా తరగతి గదిలో పుట్టింది. పిల్లవాడు బడిలో తన బుర్రతో ఆలోచించాలన్నా, నోరు విప్పి మాట్లాడాలన్నా, సొంతంగా నాలుగు వాక్యాలు రాయాలన్నా అడ్డుపడుతున్నదేమిటని ఒక ఉపాధ్యాయుడు వేసుకున్న ప్రశ్న అది. పూర్వ విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి చదువుకునే ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆ పంతులు గారి జీవితాన్ని ఆ వైపు నుంచి తలుచుకోవడం బాగుంటుంది.

పర్వతాలపేట నుంచి పర్లాకిమిడికి

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డున ఉన్న ఊరు అది. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. 1875లో తండ్రి జ్వరంతో కన్నుమూశారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. బంధువుల ఆసరాతో చదువు సాగింది. విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చేరారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఒకే బడిలో చదువుకున్న ఆ ఇద్దరూ తర్వాత ఒకే పని కోసం జీవితాంతం కలిసి నడిచారు. బడి స్నేహాలు ఎంత దూరం వస్తాయో పూర్వ విద్యార్థులకు వేరే చెప్పనక్కర్లేదు.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మరుసటి ఏడు ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయనకు ఇంకా పదిహేడేళ్లే. పై చదువులకు ఏ కాలేజీకీ వెళ్లే వీలు లేకపోయింది. పగలు పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు చదువుకుంటూ ప్రైవేటుగానే ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశారు. రాజావారి హైస్కూలు కాలేజీ అయినప్పుడు పై తరగతులకు కూడా ఆయనే పాఠాలు చెప్పారు.

చరిత్ర మేష్టారికి పాఠ్యపుస్తకంలో ఉన్న చరిత్ర చాలలేదు. దగ్గర్లోనే ముఖలింగం ఆలయాలున్నాయి. వాటి గోడల మీద గంగరాజుల శాసనాలున్నాయి. వాటిని చదవాలంటే పాత లిపులు రావాలి. నేర్పేవారు లేరు. పుస్తకాలు తెప్పించుకుని తనంతట తానే నేర్చుకున్నారు. ఈ పని వల్ల ఆయనకు ఇంకొక లాభం కలిగింది. వందల ఏళ్లుగా తెలుగు ఎలా మారుతూ వచ్చిందో రాళ్ల మీద కళ్లారా చూశారు. భాష ఒక కాలంలో గడ్డకట్టి నిలిచిపోయేది కాదన్న నమ్మకం ఆయనకు వ్యాకరణ గ్రంథాల కంటే ముందు శాసనాల వల్లే కుదిరి ఉంటుంది.

సవర పిల్లల బడి

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో గాని ఒడియాతో గాని దానికి చుట్టరికం లేదు. కొండ దిగి సంతకు వచ్చే సవరలను అందరూ చూస్తూనే ఉండేవారు. వారి పిల్లలకు చదువు ఎందుకు అందడం లేదని అడిగినవారు మాత్రం తక్కువ. రామమూర్తి గారు అడిగారు. ఆ పిల్లలకు చదువు చెప్పాలంటే వారి భాషలోనే చెప్పాలని తేల్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు రాత లేదు, పుస్తకం లేదు. ఆ భాష తనకే రాదు.

తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర విద్యార్థిలా కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి కథలు, పాటలు సేకరించారు. సవర భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. ఆయన కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ సొమ్ముతో సవరలకు ఒక బడి పెట్టమని కోరారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆ భాష మీద పనిచేస్తూనే ఉన్నారు. 1931లో ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణం వెలువడింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు కూడా తయారుచేశారు. కుమారుడు సీతాపతి గారు ఈ పనిలో తండ్రికి కుడిభుజంగా నిలిచారు.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మన్యంలో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. దానికి క్వినైను విపరీతంగా పుచ్చుకోవలసి వచ్చింది. ఫలితంగా వినికిడి పోయింది. పదాల ఉచ్చారణను అంత శ్రద్ధగా విని నమోదు చేసిన మనిషి మిగిలిన జీవితమంతా చెవుడుతోనే గడిపారు. సభల్లో ఎదుటివారి వాదన సరిగ్గా వినపడకపోయినా వాదించడం మానలేదు.

తెలుగు భాషోద్యమం కంటే ముందే సవర బడులు వచ్చాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. పిల్లవాడు బడికి వచ్చేటప్పుడు తన భాషను గుమ్మం బయట వదిలి రానక్కర్లేదన్న సూత్రం ఆయనకు కొండల్లోనే స్పష్టమైంది. ఆ సూత్రాన్ని ఆ తర్వాత తెలుగు పిల్లలకు వర్తింపజేశారు.

తరగతి గదిలో పోయే కాలం

ఆనాటి తెలుగు తరగతి ఎలా ఉండేదో నేటి పాఠకులకు కొంత చెప్పాలి. 1850లలో పరవస్తు చిన్నయసూరి రాసిన నీతిచంద్రిక, బాలవ్యాకరణం బడుల్లో ప్రమాణమయ్యాయి. పిల్లలు చదివే వాచకం గ్రాంథికం. పరీక్షలో వారు రాయవలసిన వ్యాసం గ్రాంథికం. ఇంట్లో, వీధిలో, బడి ఆవరణలో, ఆఖరికి తరగతి గదిలో మేష్టారితో మాట్లాడేది మాత్రం మామూలు తెలుగు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. నేను బడికి వెళ్తున్నాను అని ప్రతి పిల్లవాడికీ చెప్పడం వచ్చు. అదే వాక్యాన్ని కాగితం మీద పెట్టాలంటే నేను బడికిఁ బోవుచున్నాను అని రాయాలి. అరసున్న ఎక్కడ పెట్టాలి, పకారం బకారం ఎందుకయింది, వకారం ఎక్కడ రాదు, బండిర ఏ మాటలో వస్తుంది అని ప్రతి మాట దగ్గరా ఆగి తడుముకోవాలి. తడుముకునేసరికి చెప్పదలచిన విషయం జారిపోతుంది. అందుకే తెలివైన పిల్లలు సులువైన దారి పట్టేవారు. మేష్టారు రాయించిన వ్యాసాన్ని కంఠస్థం చేసి అప్పజెప్పేవారు.

పాఠం చెప్పే పద్ధతి కూడా ఇలాగే ఉండేది. మేష్టారు ఒక వాక్యం చదువుతారు. అందులో ప్రతి పదానికీ అర్థం చెబుతారు. ఆ తర్వాత మొత్తం వాక్యాన్ని మామూలు తెలుగులోకి మార్చి చెబుతారు. తెలుగును తెలుగులోకి అనువాదం చేయడమన్నమాట. పీరియడంతా దానికే సరిపోతుంది. కథలో ఆ నక్క చేసింది న్యాయమేనా, నువ్వయితే ఏం చేసేవాడివి అని పిల్లవాడిని అడగడానికి గంటలో నిమిషం మిగలదు. ఒకవేళ అడిగినా, జవాబు చెప్పవలసిన భాష ఏదో తెలియక పిల్లవాడు నోరు మెదపడు.

రామమూర్తి గారు పట్టుకున్నది ఇక్కడే. పిల్లలకు మెదడు లేదనో శ్రద్ధ లేదనో ఆయన అనలేదు. ఆలోచనకూ మాటకూ రాతకూ దక్కవలసిన కాలాన్ని రూపాల మార్పిడి తినేస్తోందని చూపించారు. గ్రాంథిక రచన మీద ఏళ్ల తరబడి చేసే సాధన తర్వాత కూడా అందులో తప్పు లేకుండా రాయగలిగినవారు లేరని, పండితులే రాయలేకపోతున్నారని ఆయన వాదన. దీన్ని మాటతో సరిపెట్టలేదు. పండితుల రచనలనే తీసుకుని, వారు ప్రమాణమని చెప్పే వ్యాకరణానికి అవి ఎక్కడెక్కడ విరుద్ధంగా ఉన్నాయో వరసగా ఎత్తి చూపారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అన్న పుస్తకం అలా వచ్చింది. ప్రాచీన కవుల ప్రయోగాలే బాలవ్యాకరణానికి ఒదగవని బాలకవి శరణ్యంలో నిరూపించారు. తెలుగులో వచన రచన వెనకటి నుంచీ వాడుక భాషకు దగ్గరగానే ఉందని చెప్పడానికి పాత వచనాలు వెతికి గద్యచింతామణిగా కూర్చారు. పండితులే తప్పులు రాస్తున్న భాషలో పదేళ్ల పిల్లవాడు తప్పు రాశాడని బెత్తం ఎత్తడం ఏ న్యాయమన్నది వీటన్నిటి వెనక ఉన్న ప్రశ్న.

యేట్స్ దొర సందేహం

1907లో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు వీధిలో ఎవరూ మాట్లాడటం లేదు. వీధిలో విన్న తెలుగు ఏ పుస్తకంలోనూ కనిపించడం లేదు. ఇలా ఎందుకుందని విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. దీనికి సరైన సమాధానం గురజాడ, గిడుగు చెప్పగలరని ఆయన సూచించారు. అలా ఆ నలుగురూ కలిశారు. బడి చదువు బాగుపడాలంటే బడి భాష మారాలన్న విషయంలో నలుగురికీ ఏకాభిప్రాయం కుదిరింది.

నలుగురిలో ఒకరు కవి, ఒకరు ప్రిన్సిపాల్, ఒకరు ప్రభుత్వోద్యోగి. దినదినమూ చిన్న తరగతుల పిల్లల ముందు నిలబడిన అనుభవం అందరికంటే ఎక్కువగా ఉన్నది రామమూర్తి గారికే. 1911లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. సాధారణంగా మన ఉపాధ్యాయులు విశ్రాంతి తీసుకునే సమయంలో ఆయన అసలు పని మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. గంటల తరబడి ఉదాహరణలిచ్చి వాదించారు. పుస్తకాల మూటలు వెంట పెట్టుకుని వెళ్లి, ఫలానా గ్రంథంలో ఫలానా చోట చూడండని చూపించేవారు.

పరీక్ష కాగితం మీద పోరు

1912–13 ప్రాంతంలో ఒక చిన్న తలుపు తెరుచుకుంది. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. వాడుక భాషలో రాసిన కొన్ని పుస్తకాలు బడుల్లోకి వచ్చాయి. పిల్లవాడు తనకు వచ్చిన తెలుగులో రాసి ప్యాసు కావచ్చన్నమాట.

దీనిపై పండిత లోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఈ మార్పును గట్టిగా ఎదుర్కొంది. భాష భ్రష్టమైపోతుందని, వెయ్యేళ్ల సాహిత్యం రేపటి పిల్లలకు అందకుండా పోతుందని వారి భయం. ఆ భయంలో భాషాభిమానం లేకపోలేదు. రామమూర్తి గారు ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో విస్తృతమైన విజ్ఞాపన తయారుచేసి 1913లో ప్రచురించారు. విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడ తన అసమ్మతిని 1914లో సుదీర్ఘంగా రాసిపెట్టారు. అయినా పలుకుబడి అవతలి పక్షానిదే అయింది. పరీక్షల్లో ఇచ్చిన ఆ స్వేచ్ఛ ఎంతో కాలం నిలవలేదు. 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. బడినాటి స్నేహితుడు, ఉద్యమానికి సగం బలం అయిన మనిషి పోయారు.

రామమూర్తి గారు ఆగలేదు. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం గారు దానికి అధ్యక్షులుగా ఉండటానికి ఒప్పుకున్నారు. జీవితంలో ఎక్కువ భాగం గ్రాంథికంలో రాసిన పెద్దాయన చివరి దశలో ఇటు మొగ్గడం చిన్న విషయం కాదు. అయితే కొద్ది నెలలకే ఆయన కూడా పోయారు. అదే ఏడాది రామమూర్తి గారు తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఏడాది మాత్రమే నడిచింది. ఒక్కొక్కటే ఓడిపోతున్నట్టు కనిపించినా రచయితలు మెల్లగా ఆయన వైపు వచ్చారు. 1924లో సాహిత్య పరిషత్తు సైతం వాడుక భాష మీద తన నిషేధాన్ని ఎత్తివేసింది.

పంతులు గారి శిష్యులు కూడా ఈ కథలో ఉన్నారు. పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు గారు తర్వాత కాలంలో జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపారు. గురువు పరీక్ష కాగితం మీద సాధించలేకపోయిన దాన్ని శిష్యుడు వార్తాపత్రికలో రోజూ చేసి చూపించాడు. ఒక బడిలో చెప్పిన పాఠం ఎన్నేళ్లకు, ఎక్కడ మొలకెత్తుతుందో ఆ బడికే తెలియదు.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతాన్ని అటు కలపవద్దని రామమూర్తి గారు శాయశక్తులా వాదించారు. ఫలితం లేకపోయింది. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, యాభై ఆరేళ్లు గడిపిన ఊరిని, ఇంటిని వదిలి రాజమండ్రికి తరలివచ్చారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. ప్రభుత్వం కైజర్–ఇ–హింద్ పతకమిచ్చింది. ఆయన అడిగింది మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. 1940 జనవరిలో, మరణానికి వారం రోజుల ముందు కూడా, పత్రికల వారిని పిలిచి బడుల్లో, పరీక్షల్లో వాడుక భాష రావాలన్న కోరికనే మళ్లీ చెప్పుకున్నారు. జనవరి 22న కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలు మారడానికి ఆయన తర్వాత మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

మన గదుల్లో మిగిలిన పని

ఇవాళ మన పిల్లలు అరసున్నల కోసం తడుముకోనవసరం లేదు. వాచకం వాడుక భాషలో ఉంది. అయినా పంతులు గారి ప్రశ్న తీరిపోయిందని అనుకోలేం. ఆయన కోరిన వాడుక భాష చదువుకున్నవారు మాట్లాడే శిష్ట వ్యావహారికం. దానికి దూరంగా ఉన్న ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు ఇప్పటికీ తరగతిలో నోరు తెరవడానికి జంకుతారు. శ్రీకాకుళం యాసలోనో, పాలమూరు మాటలోనో, సీమ పలుకులోనో ఒక పిల్లవాడు జవాబు చెబితే, జవాబు సంగతి పక్కన పెట్టి ముందు మాటను దిద్దడం మనలో చాలామందికి అలవాటు. ఇంగ్లీషు మీడియం గదిలో ఆ తడబాటు ఇంకో రూపంలో ఉంటుంది. పిల్లవాడి మనసులో మెదిలిన ఆలోచన ఇంగ్లీషు వాక్యంగా తయారయ్యే లోపు గంట కొడతారు.

ఈ సందేహానికి సమాధానం రామమూర్తి గారి వ్యాసాల్లో కంటే ఆయన సవర బడుల్లో బాగా దొరుకుతుంది. అక్కడ ఆయన ప్రామాణిక భాష ఏదని వెతకలేదు. ఆ పిల్లలు ఏం మాట్లాడతారో ముందు తాను నేర్చుకున్నారు, ఆ తర్వాతే నేర్పడం మొదలుపెట్టారు. మన గదుల్లో దీన్ని పాటించడానికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అవసరం లేదు. పాఠం చదివాక పిల్లలను ముందు వారి మాటలోనే చెప్పనివ్వవచ్చు. ప్రశ్న వేసిన వెంటనే ముందు బెంచీ వైపు చూడకుండా, వెనక బెంచీ వాడు ఆలోచించుకునే దాకా ఆగవచ్చు. రాసిన కాగితంలో ముందు విషయం చదివి, ఆ తర్వాత ఎర్ర సిరా కలం తీయవచ్చు. పుస్తకపు భాష, ఇంగ్లీషు భాష తప్పకుండా నేర్పాలి. అవి పిల్లవాడి ఆలోచన మీద చేరే అదనపు ఆస్తి కావాలి గాని, ఆలోచనను బయటికి రానివ్వని గోడ కాకూడదు.

బడి వదిలి ఇన్నేళ్లయ్యాక మనకు గుర్తుండే ఉపాధ్యాయులు ఎవరని ఆలోచిస్తే, ఎక్కువ పాఠాలు పూర్తిచేసినవారు గుర్తుకురారు. మన మాట చివరిదాకా విన్నవారు గుర్తుకొస్తారు. వినికిడి పోయిన పర్లాకిమిడి పంతులు గారు తెలుగు బడులను అడిగినది అదే. పిల్లలు మాట్లాడుతున్నారు, వినండి అని.